చీటీ లేని వార్త

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్ట రైతునకు ముఖ్యమైన పంటలు ప్రత్తియు మిరపయు. వరి పండించువాడు ధర లేనియెడల ధాన్యమును గాదెలో పోసికొని యైనను తినవచ్చును. ప్రత్తి పండించువాడు ప్రత్తిని తినజాలడు, పండినదంతయు అమ్ముకొనవలసినవాడే. కావున మనకు విత్తనము, ఎరువు ఎంత యవసరమో ధరవరల వార్తయు నంత యవసరము. విత్తనము కొనునపుడు సంచికి కుట్టిన చీటీని చదువుడనియు, లాటు నెంబరు చూచుకొనుడనియు, రసీదు పుచ్చుకొనుడనియు మేము ఊరూర చెప్పుచునే యున్నాము. చాలమంది అట్లు చేయుచున్నారు గూడ. వార్త విషయమున మాత్రము చీటీ లేని సంచిని భుజమున వేసికొని యింటికి వచ్చుచున్నాము. ఈ నెల పాఠము దానిని గూర్చి.

“రేపటినుండి గుంటూరు యార్డులో తేజ రకమునకు ధర పడిపోవును, ఉన్న సరుకు వెంటనే తోలుడు” అని వాట్సాపులో నొక మాట వచ్చినదనుకొందము. వ్రాసినవాని పేరు లేదు. తేదీ లేదు. ఆ “రేపు” ఎన్నటి రేపు? పది దినములనుండి ఊళ్లు తిరుగుచున్న మాటయైనను, అది నేటికిని “రేపు” అనియే చెప్పును. దానిని నమ్మి పది గ్రామములవారు ఒక్కదినముననే టిక్కీలను యార్డునకు తోలినచో ధర నిజముగనే పడును. అందువలన లాభము కొనువానికి. కొనువాడే వ్రాసెనని మేము చెప్పము. ఎవరు వ్రాసిరో తెలియదు గనుకనే దానిని లెక్కలోనికి తీసికొనరాదనుచున్నాము.

వార్త యెట్లుండవలెనో నేర్చుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనంబోడు గుట్టపై 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధస్తూపమును ఎరుగనివారు మనలో నుండరు. అచట దొరకిన శాసనస్తంభములపై దానము చేసిన శిల్పి పేరు సిద్ధార్థుడని యున్నది. అతడెవరి కుమారుడో, ఏ యూరివాడో యున్నది. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని యిరువదవ యేట, వర్షర్తువున, ఎనిమిదవ పక్షమున, పదియవ దినమున అని కాలము కూడ చెక్కబడినది. పదునాఱు వందల యేండ్లకు పైబడిన రాతికి ఊరును, పేరును, తేదీయు కలవు. నిన్న ఫోనులో వచ్చిన మాటకు లేవు!

అచ్చు పత్రికకు ఈ గుణము కొంత కలదు. 1867 నాటి చట్టము మొదలు దాని స్థానమున వచ్చిన 2023 నాటి చట్టము వరకు, పత్రికను ప్రకటించువాడు రిజిస్టరు చేయించుకొనవలసినదే. అచ్చువేసినవాని పేరును, సంపాదకుని పేరును పత్రికపై నుండును. తప్పు వ్రాసిన అడుగుటకు మనిషి గలడు. మనకు దగ్గరనేయున్న బెజవాడలో 1908లో స్వరాజ్య పత్రిక సంపాదకులగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తమ పత్రికలో వచ్చిన వ్యాసమునకై రాజద్రోహ నేరమున జైలుశిక్ష ననుభవించిరి. అది దొరతనమువారి దౌష్ట్యమే. ఐనను అచ్చైన మాటకు పూచీదారుడొకడు గలడని అప్పుడు అందఱును ఎఱిగిరి.

పత్రికలన్నియు ఏదో యొక పక్షమును మోయుచున్నవి, ఎవరిని నమ్మవలెనని కొందఱు సభ్యులు మమ్మడుగుచుందురు. పక్షము గల పత్రిక అబద్ధపు పత్రిక కానక్కరలేదు. దాని మొగ్గు ఎటో తెలిసినచో ఆ మేరకు తగ్గించి చదువవచ్చును. దూడను విడిచి పాలు కొలుచు గేదెను ఎఱిగినవాడు పాలెన్ని వచ్చునో ముందే లెక్కవేయడా! ఒకే సంగతిని భిన్నపక్షముల పత్రికలు రెంటిలోను చదువుడు. రెండును ఒప్పుకొన్న భాగము తరచుగా నిజమై యుండును. ఒకదానిలో నుండి రెండవదానిలో లేని భాగము నొద్ద ఆగి విచారింపుడు.

ఇక ధరల మాట. ఇందే మనవారు హెచ్చుగా మోసపోవుచున్నారు. మార్కెటు కమిటీలు పంపు లెక్కలలో మూడు ధరలుండును: కనిష్ఠము, గరిష్ఠము, మోడల్ ధర. మోడల్ ధర యనగా ఆ దినమున ఎక్కువ సరుకు చేతులు మారిన ధర. పాఠము కొఱకు, కనిష్ఠము 8,000, గరిష్ఠము 15,000, మోడల్ ధర 11,500 అనుకొందము. మఱునాడు రచ్చబండ యొద్ద వినబడునది “గుంటూరులో పదునైదు వేలు” అనియే. ఆ పదునైదు వేలు మేలురకపు కొలది టిక్కీలకు పలికినది కావచ్చును. తాలు కలిసిన మన సరుకునకు ఆ ధర రానపుడు కమీషను ఏజెంటుపై కోపించుటయో, వచ్చునని కోల్డు స్టోరేజిలో అద్దె కట్టుచు నిలుపుటయో జరుగును. కావున గరిష్ఠ ధర విన్నపుడెల్ల, మోడల్ ధర యెంత, ఎన్ని టిక్కీలు వచ్చినవి అని తిరిగి యడుగవలెను. ఈ లెక్కలు అగ్‌మార్క్‌నెట్‌లోను, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లోను ఉచితముగా దొరకును. ఒక్క దినముది చాలదు, వారము దినములవి వరుసగా చూచిననే ధర నడక తెలియును.

సర్కారు వార్త నిజమైనను సగమే మన చెవిని బడుట కలదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశపు ఎండుమిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. సర్కారు ఆ ధరకు సరుకంతయు కొనునని యర్థము కాదు. ధర అంతకంటె తగ్గినపుడు వ్యత్యాసమును చెల్లించు పథకమది, అదియు 2.91 లక్షల టన్నులకు మించకుండ. అంకె అందఱి నోట నిలుచును, షరతు దారిలో జారిపోవును. ప్రత్తియు నట్లే. 2025-26కు పొడవు పింజ ప్రత్తికి మద్దతు ధర 8,110 అనిన, తేమ నూటికి ఎనిమిది వఱకు నున్న సరుకునకు. పండ్రెండు వఱకు తగ్గింపుతో కొందురు, ఆపైన కొనరు. మంచు తడితో ఏరిన ప్రత్తిని ఆరబెట్టక బండి కట్టినవానికి ఆ 8,110 వార్త యెంత నిజమైనను ప్రయోజనమేమి?

వానల సంగతి క్లుప్తముగా చెప్పుదము. వాతావరణశాఖవారి వ్యవసాయ సలహాపత్రము మంగళ, శుక్రవారములలో వెలువడును. దానిని చూచువారు కృష్ణా జిల్లా క్రింద వెదకరాదు. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి మన మండలములు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి. మునేటి యొడ్డువారు మన వానను మాత్రమే చూచిన చాలదు. ఎగువ ఖమ్మము వైపు కురిసినది ఇచటికి వచ్చును. 2023 జులైలో ఐతవరము వద్ద హైదరాబాదు రహదారిపై నీరు పొర్లి రాకపోకలు నిలిచిన సంగతి మఱవరాదు. వరదనాడు ఫోనులో వచ్చు బొమ్మ ఏ యేటిదో తెలియక పరుగెత్తవలదు, రెవెన్యూవారి నడుగుడు.

తెగుళ్ల వార్తకును ఇదియే మార్గము. 2021-22లో మిరపపై నల్ల తామరపురుగు పడినపుడు ఎవరికి తోచిన మందు వారు చెప్పిరి. మందు నమ్మువాడు చెప్పిన సలహా తప్పనుట లేదు, అతనికి అందు లాభము గలదని మాత్రము గుర్తుంచుకొని, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములో గాని, కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 నెంబరున గాని మరల నడిగి కొట్టుడు. ఆ పిలుపునకు ఖర్చు లేదు.

ప్రతి సంఘము తన యాఫీసు గోడకు నొక నల్లబల్లను తగిలింపవలెనని మా కోరిక. దానిపై ప్రతిదినము ప్రత్తికి, మిరపకు మూడేసి ధరలును, ఏ యార్డువో, ఏ తేదీవో, ఎచటనుండి తీసికొన్నవో వ్రాయవలెను. ధర తెలియని దినమున పాతదానిని నిలుపక తుడిచివేయవలెను. క్రింద, వ్రాసినవారు సంతకము చేయవలెను.