ఆరోగ్యమును నిలుపు చిన్న యలవాట్లు

వినుకొండ కోర్టులో మాతో గూడ నిరువది సంవత్సరములు వకాలతు నడపిన మిత్రు డొకడు కడచిన మాఘమాసమున నొక యుదయము వాయిదా కాగితములు చదువుచుండగనే కుడిచేయి పట్టుదప్పి, మాట తడబడి, కుర్చీలో నొరిగిపోయెను. అప్పటి కేబది యేండ్లును నిండలేదు. ప్రాణము దక్కినది గాని, సాక్షులను ప్రశ్నించుటలో నెవ్వరికిని లొంగని యా నాలుక తన కూతురి పేరు పలుకుటకే శ్రమపడవలసివచ్చినది. ఆయన త్రాగువాడు గాడు. చుట్ట ముట్టినవాడు గాడు. ఇట్టివాని కీ యాపద యేల వచ్చెనని యూరివారు విధిని నిందించిరి. మేము మాత్ర మాయన దినచర్యను తలపోసి, యది మా దినచర్యయే యని గ్రహించి భయపడితిమి. ఆ వారమే వైద్యునియొద్దకు బోగా మా రక్తపుపోటు 160కి 100గా నున్నదని తేలెను.

ఇది పట్టణములలోని ధనికుల జబ్బని తలచుట పొరపాటు. 2003-04 సంవత్సరములలో నుభయ గోదావరి జిల్లాలయందలి 45 గ్రామములలో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలననే కలిగినట్లు తెలియవచ్చినది. మన సీమ సంగతి వేరని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. శ్రీనాథుడు వేళాకోళము చేసిన పలనాటి జొన్నకూడు మా తాతలనాటివరకు నీ ప్రాంతపు నిత్యాహారము. 1967లో నాగార్జునసాగరము కుడికాలువకు నీరు వదలిరి. 1986లో బాపట్ల పరిశోధన స్థానమునుండి సాంబమసూరి వెలువడినది. జొన్న విస్తరినుండి తొలగెను, తెల్లయన్నము వచ్చెను. అన్నము మారినను కారమును, ఉప్పును, ఊరుగాయయు మారలేదు. నాగలి పట్టి యెండలో చెమటోడ్చిన తాతకు సరిపడిన యుప్పు, కుర్చీలో గూర్చుండి దావాపత్రములు వ్రాయు మనుమనికి సరిపడునా? దినమునకు 5 గ్రాములకు, అనగా నొక చిన్న చెంచాడుకు, లోపలనే యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రెండు పూటల ఆవకాయ వేసికొనువా డా లెక్కను పెరుగన్నమునకు ముందే దాటిపోవును.

కూర్చుండుటవలని కీడును గూర్చి 1953లో జెరెమీ మారిస్ అను వైద్యుడును నాతని సహచరులును లండనులో జేసిన విచారణ ప్రసిద్ధమైనది. అచ్చటి రెండంతస్తుల బస్సులను నడపు డ్రైవర్లు దినమెల్ల గూర్చుందురు. కండక్టర్లు మెట్లెక్కి దిగుచుందురు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా గనబడినది. వకీళ్లము డ్రైవర్ల పక్షమువారమే గదా!

వైద్యుని మాట విన్న పిమ్మట మేము మొదట జేసిన పని యవివేకము. ఉగాదినాడు గొప్ప ప్రతిజ్ఞ పట్టితిమి: నాలుగు గంటలకు లేచుట, రెండు క్రోసుల నడక, నూరు దండెములు, ఊరుగాయకు స్వస్తి. పదునొకండవ దినమున నొక పెద్ద దావా విచారణకు వచ్చినది. ప్రతిజ్ఞ తుడిచిపెట్టుకొని పోయినది. మనవారి ఆచారమే యిట్టిది. తొలియేకాదశినాడు ఊరంతయు రామలింగేశ్వరుని కొండ యెక్కును. మరునాడు మోకాళ్లు పట్టుకొని మూల్గును. మరల నేడాదివరకు కొండవంక జూచువారు కొలదిమందియే. ఒకనాటి యుపవాసమును ద్వాదశి పారణలో వడ్డీతో దీర్చుకొనుటయు నీ జాతిలోనిదే.

మాకు దారి చూపినది వైద్యగ్రంథము గాదు, మిరపచేల నడుమ బండిబాటను గూర్చిన యొక వ్యాజ్యము. పరుని భూమిలో నిరువదేండ్లు బహిరంగముగా, హక్కుగా, ఎడతెగక నడచిన బాటపై నడచినవానికి 1882వ సంవత్సరపు ఈజుమెంటుల చట్టము 15వ సెక్షను హక్కు కల్పించుచున్నది. ఒక్కనాడు నూరు బండ్లు తోలినవానికి గాదు, ప్రతిదినము ఒక బండి తోలినవానికి. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఎదుటివాడు ముండ్లకంప వేసి యడ్డగించినను, అది తెలిసియు నొక సంవత్సరము సహించి యూరకున్నగాని చట్టము దాని నంతరాయముగా నెంచదు. దేహమును నిట్లే యేల వ్యవహరింపరాదని మాకు దోచెను.

పిమ్మట జూడగా లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ఫిలిపా లాలీ మొదలగువారు 2009లో ప్రకటించిన పరిశోధన యీ మాటనే చెప్పుచున్నది. 96 మంది యొక్కొక్క చిన్న పనిని నిత్యకృత్యమగు మరియొక పనికి జోడించి యాచరించిరి. అది యప్రయత్నముగా జరుగుటకు బట్టిన కాలము నడిమి లెక్కకు 66 దినములు. మనిషినిబట్టి 18 మొదలు 254 దినములవరకు నంచనా కట్టిరి. ఒక్కదినము తప్పినంతమాత్రమున నలవాటు చెడలేదు. మేము పదునొకండవనాడే వ్యాజ్యము నోడిపోయితిమని పారిపోవుట యెంత వెర్రితనమో యప్పుడు తెలిసినది.

కావున రెండవమారు పంతములు మాని, యున్న పనులకు క్రొత్త పనులను ముడివేసితిమి. పండ్లు తోముకొనినవెంటనే చెప్పులు దొడుగుకొని కొండ పాదమువరకు బోయివచ్చుట. మొదట పది నిమిషములు, ఇప్పు డరగంట. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక కావలెనని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన లెక్క దీనితో దీరుచున్నది. ఊరుగాయ జాడీని మానలేదు. భోజనపు బల్లమీదినుండి వంటింటి యటకకు మార్చితిమి. ముక్క కావలెనన్న పీట వేసికొని యెక్కవలెను. సోమరితనమును మన పక్షమున సాక్షిగా బిలుచుట యిది. వైద్యు డిచ్చిన మాత్రను మానలేదు. నడక మాత్రకు బదులని వాదించువారితో మేము కలియము.

ఇక నొక సిగ్గుపడవలసిన సంగతి. మా గృహిణిని నడకకు రమ్మన్నప్పు డామె, "వంటింటికిని పెరటికిని తిరుగుట చాలదా? మీరు పోయి రండి, కాఫీ వేళకు నేనుండవలెను గదా" అనెను. మేమును సమ్మతించితిమి. నాలుగు నెలలకు గాని యామె రక్తపుపోటును జూపింపవలెనని మాకు దోచలేదు. చూడగా మాకంటె హెచ్చుగా నుండెను. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడిన మా యింట, అందరును దిని మిగిలిన దానిని వేళతప్పి తినుచు, తన కొరకు దినములో నరగంటయు లేని మనిషి యొకతె యుండెను. నాటినుండి కాఫీ మేము కాచుచున్నాము. ఇద్దరమును గలసి పోవుచున్నాము. మొదటివారము వీధియరుగులమీది పెద్దలు దగ్గిరి. ఇప్పుడు వారిలో నిద్దరు మా వెనుక వచ్చుచున్నారు.

తిరిగివచ్చుచు ప్రతిదిన మా మిత్రుని యింటివద్ద నాగుదుము. మొదట మంచమునుండి గడపవరకు, పిదప గడపనుండి గేటువరకు నాయన యడుగులు సాగినవి. మొన్న చేతికర్ర నానుకొని గేటు దాటి, వీధి మలుపునందలి వేపచెట్టును వ్రేలితో జూపి, "రే...పు" అనెను.