పికప్‌లో జంప్ స్టార్టర్: కొంటే సరిపోదు, దాచడం కూడా తెలియాలి

ఫోన్ కాస్త వేడెక్కితే చాలు, గేమ్ ఆపేస్తాం, కవర్ తీసేస్తాం, ఛార్జర్ పీకేస్తాం. అదే జాతి లిథియం బ్యాటరీ ఉన్న జంప్ స్టార్టర్‌ని మాత్రం డాష్‌బోర్డ్ మీద పడేసి, మండుటెండలో బండికి తాళం వేసి వెళ్లిపోతాం. ఆరు నెలల తర్వాత అవసరం పడి బటన్ నొక్కితే లైట్ కూడా వెలగదు. అప్పుడు "చెత్త కంపెనీ" అని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు కంపెనీది కాదు, మనం దాన్ని పెట్టిన చోటుది.

మా మావయ్యది పలాస దాటగానే వచ్చే సుమ్మాదేవి. ఆయన బొలెరో పికప్ సీజన్‌ని బట్టి జీడిపిక్కలు, కొబ్బరికాయలు, పనసకాయలు మోస్తుంది. "బండికి ఏ జంప్ స్టార్టర్ కొనమంటావురా?" అని ఆయన అడిగారు. మోడల్ చెప్పడం పది నిమిషాల పని. దాన్ని బండిలో ఎక్కడ పెట్టాలి, ఎంత ఛార్జ్‌తో ఉంచాలి, ఎప్పుడు తీసి చూడాలి అనేవి చెప్పడానికే ఒక సాయంత్రం పట్టింది. ఆ పాఠమే ఈ ఆర్టికల్.

ఇంత సీరియస్‌గా ఎందుకంటే, ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చాలామంది. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు చేయించుకోవాల్సిందే, వాయిదా వేసే పని కాదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడికి వెళ్లాల్సిన తెల్లవారుజామున ఊళ్లో ఉన్న ఒక్క బండీ సెల్ఫ్ తీసుకోకపోతే? లోడుతో ఉన్న పికప్‌ని ఇసుక నేల మీద తోసి స్టార్ట్ చేయడం ఎంత కష్టమో అక్కడి డ్రైవర్లకి తెలుసు.

ముందు స్పెక్స్ సంగతి

బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ఉండే ఎంఏహెచ్ అంకెను చూసి మోసపోవద్దు. అది సాధారణంగా 3.7 వోల్టుల సెల్ లెక్కలో చెప్పేది. 12,000 ఎంఏహెచ్ అంటే 12 ఇంటు 3.7, అంటే 44.4 వాట్ అవర్స్. రెండు మోడల్స్‌ని పోల్చాలంటే ఈ వాట్ అవర్స్ అంకెనే చూడండి.

పీక్ యాంప్స్ అనేది క్షణకాలం మాత్రమే వచ్చే కరెంటు. దానికంటే "ఎన్ని లీటర్ల డీజిల్ ఇంజిన్ వరకు" అని రాసిన లైన్ ఎక్కువ పనికొస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి, అదే సైజు పెట్రోల్ ఇంజిన్ కంటే తిప్పడానికి ఎక్కువ కరెంటు కావాలి. తొలి టాటా ఏస్‌లో ఉన్నది 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. బొలెరో పికప్‌లోది 2,523 సీసీ. మొదటిదాన్ని లేపిన చిన్న బాక్స్ రెండోదాన్ని లేపుతుందన్న గ్యారంటీ లేదు. రెండున్నర లీటర్ల ఇంజిన్‌కి కనీసం మూడు లీటర్ల డీజిల్ రేటింగ్ ఉన్నది తీసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ బాక్సులు 12 వోల్టుల బండ్లకి. హైవే మీద ఆగిపోయిన పెద్ద లారీకి సాయం చేద్దామని తగిలించొద్దు, వాటిలో చాలావరకు 24 వోల్టుల సిస్టమ్ ఉంటుంది.

అసలు శత్రువు వేడి

అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన స్టడీ ఒకటి ఉంది. ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఆపిన బండ్ల లోపల కొలిచారు. సగటున క్యాబిన్ గాలి 47 డిగ్రీలు, సీటు 51, డాష్‌బోర్డ్ 69. నీడలో ఆపిన బండ్లలో క్యాబిన్ 38, సీటు 41, డాష్‌బోర్డ్ 48. మన తీరంలో గాలి వేరు, అంకెలు కాస్త మారొచ్చు. అద్దం వెనకాల నేరుగా ఎండ పడే డాష్‌బోర్డే ఎక్కడైనా అన్నిటికంటే ఎక్కువ కాలుతుంది.

ఇప్పుడు దీన్ని బ్యాటరీ వైపు నుంచి చూద్దాం. లిథియం సెల్స్ వాడకుండా దాచితే ఏమవుతుందో బ్యాటరీ యూనివర్సిటీ సైట్‌లో ఒక పట్టిక ఉంది. 40 శాతం ఛార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాది దాచితే కెపాసిటీ 96 శాతం మిగులుతుంది. ఫుల్ ఛార్జ్‌తో 40 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే 65 శాతమే. ఫుల్ ఛార్జ్‌తో 60 డిగ్రీల దగ్గరైతే మూడు నెలలకే 60 శాతానికి పడిపోతుంది. ఈ నష్టం మళ్లీ ఛార్జ్ చేస్తే తిరిగి రాదు. వేడి, ఫుల్ ఛార్జ్ రెండూ కలిస్తేనే సెల్ అంత త్వరగా ముసలిదవుతుంది.

మరి ఎంత ఛార్జ్‌తో ఉంచాలి?

40 శాతమే మంచిదని అక్కడే వదిలేస్తే అత్యవసరానికి పనికొస్తుందా? చిన్న లెక్క వేద్దాం. స్టార్టర్ మోటార్ 300 యాంపియర్లు, 10 వోల్టుల దగ్గర 3 సెకన్లు తిరిగిందనుకోండి. అంటే 9,000 జౌళ్లు, అంటే రెండున్నర వాట్ అవర్స్. 44 వాట్ అవర్స్ బాక్స్‌లో సగం ఉన్నా ఎనర్జీకి కొదవ లేదు. సమస్య వోల్టేజ్‌తో వస్తుంది. ఛార్జ్ తగ్గేకొద్దీ పెద్ద కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ కుంగిపోతుంది, మోటార్ టక్ టక్ మని ఆగిపోతుంది. అందుకే సగానికి కింద నమ్మొద్దు. మామూలు రోజుల్లో 60 నుంచి 80 శాతం మధ్య ఉంచడం నా సలహా. మీ మోడల్ మాన్యువల్‌లో కనీసం ఇంత అని రాసి ఉంటే దాన్నే పాటించండి.

బండిలో ఎక్కడ?

డాష్‌బోర్డ్, వెనక అద్దం దగ్గర: వద్దే వద్దు. కారణం పైనే చూశాం.

ఇంజిన్ దగ్గర ఖాళీ: అక్కడ ఎండతో పని లేకుండానే కాలుతుంది. అస్సలు వద్దు.

వెనక లోడ్ బాడీలోని ఇనుప టూల్ బాక్స్: ఎండ, వాన, దొంగతనం, గతుకుల రోడ్డు కుదుపు, నాలుగూ ఉన్నాయి. పైగా జాకీ రాడ్, వీల్ స్పానర్ దాని మీద పడి కేసు నొక్కుకుపోతే లోపలి సెల్ దెబ్బతింటుంది. దెబ్బతిన్న లిథియం సెల్ అంటే మంట ప్రమాదం.

సీటు కింద లేదా సీటు వెనక: ఇదే బెస్ట్. నేరుగా ఎండ పడదు, చేతికి అందుతుంది. గట్టి కేసులో పెట్టి, కదలకుండా బెల్టుతో బిగించండి. క్లాంపుల కేబుల్‌ని విడిగా చుట్టి పక్కన పెట్టండి.

సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు గాలి సంగతి మర్చిపోవద్దు. క్లాంపుల పళ్లు, ప్లగ్ పిన్నులు తుప్పు పడితే అంత పెద్ద కరెంటు సరిగా పారదు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి. బండి బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే అదీ శుభ్రం చేయించండి.

జీడి సీజన్‌లో, ఏప్రిల్, మే నెలల్లో బండి గంటల తరబడి ఎండలో నిలబడుతుంది. ఆ రోజుల్లో రాత్రి బాక్స్‌ని ఇంట్లోకి తెచ్చుకుని, పొద్దున బండి తాళంతో పాటు తీసుకెళ్లడం ఇంకా మంచిది. రెండూ ఒకే కొక్కేనికి తగిలిస్తే మర్చిపోరు.

అక్టోబర్ ఒకటిన అలారం పెట్టండి

ఈ తీరంలో పుట్టినవాళ్లకి ఈ తేదీలు గుర్తుంటాయి. ఫైలిన్, 2013 అక్టోబర్ 12. హుద్‌హుద్, 2014 అక్టోబర్ 12. తిత్లీ, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, ఏకంగా పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు రోజుల తరబడి లేదు.

అందుకే ఫోన్‌లో ఏటా అక్టోబర్ 1కి రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు బాక్స్‌ని 100 శాతం ఛార్జ్ చేయండి, తుఫాన్ల కాలం ముగిసే డిసెంబర్ దాకా అలాగే ఉంచండి. అప్పటికి ఎండ తగ్గుతుంది కాబట్టి ఫుల్ ఛార్జ్ నష్టం కూడా తక్కువే. జనవరి, ఏప్రిల్, జులైలలో ఒక్కోసారి తీసి ఛార్జ్ చూసుకుంటే ఏడాది చుట్టూ తిరిగినట్టే.

కరెంటు పోయాక ఇంకో పరీక్ష ఉంటుంది. ఇంట్లో అందరూ దాన్ని పవర్ బ్యాంక్‌గా వాడతారు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకటి దాదాపు 19 వాట్ అవర్స్ తీసుకుంటుంది. రెండు ఫోన్లు ఫుల్ చేస్తే 44 వాట్ అవర్స్ బాక్స్ దాదాపు ఖాళీ. కాబట్టి ముందే ఇంట్లో రూల్ పెట్టండి: సగం బండిది, సగం ఫోన్లది. ఫోన్ల కోసం వేరే పవర్ బ్యాంక్ ఉంటే ఇంకా హాయి.

పక్కన ఉండాల్సిన జోడీ

రాగి తీగతో చేసిన మందపాటి జంపర్ కేబుల్ ఒకటి కూడా ఉంచండి. దానికి ఛార్జ్ అక్కర్లేదు, వేడికి ముసలిదవదు. దానికి రెండో బండి కావాలి, చెట్లు పడి దారి మూసుకుపోయిన రోజున అది దొరకదు. అందుకే రెండూ ఉండాలి. సూపర్ కెపాసిటర్ రకం జంప్ స్టార్టర్లు వేడిని బాగా తట్టుకుంటాయి, బండి బ్యాటరీలో మిగిలిన కాస్త ఛార్జ్‌నే కూడబెట్టి ఒక్కసారిగా ఇస్తాయి. ఫోన్ ఛార్జింగ్‌కి మాత్రం పనికిరావు.

వాడేటప్పుడు

లైట్లు, ఫ్యాన్ ఆపండి. ఎర్ర క్లాంప్ ప్లస్‌కి, నల్ల క్లాంప్ మైనస్‌కి లేదా మాన్యువల్ చెప్పిన ఇంజిన్ లోహానికి. సెల్ఫ్ మూడు నుంచి ఐదు సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. స్టార్ట్ కాగానే క్లాంపులు తీసేయండి. బాక్స్ ఉబ్బినట్టు కనిపిస్తే వాడొద్దు, ఛార్జింగ్ కూడా పెట్టొద్దు. తుఫానులో ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయన్న అనుమానం ఉంటే స్టార్ట్ చేసే ప్రయత్నమే వద్దు, మెకానిక్‌ని పిలవండి.

చివరగా, చవకైన మల్టీమీటర్ ఒకటి కొనండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12.2 అయితే సగం, 12కి కింద అయితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 14కి అటూ ఇటూ రాకపోతే ఆల్టర్నేటర్ లేదా బెల్టు చూపించండి. నెలకోసారి ఈ రెండు అంకెలు చూసుకునే బండికి జంప్ స్టార్టర్‌తో పని పడేది చాలా అరుదు. పడిన ఆ ఒక్క రోజున మాత్రం అది సీటు వెనక, చల్లగా, ఛార్జ్‌తో సిద్ధంగా ఉండాలి.