కౌమార మైత్రి – ‘నీవు ఎవరి తట్టు?’ అను ప్రశ్న

‘స్నేహము’ అను సంస్కృత పదమునకు నూనె అను అర్థము కూడ కలదని తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుదురు. ఆ పదమే తెలుగున ‘నెయ్యము’ అయినది. రాపిడిని తగ్గించునది నూనె గనుక ఈ పేరు తగినదే యని మేము వారికి చెప్పుచుందుము. ‘చెలిమి’ అచ్చ తెలుగు మాట. ‘దోస్తు’ ఫారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చి తెలంగాణ పల్లెలలో ఇంటి మాటయై కూర్చున్నది. ‘జిగ్రీ దోస్తు’లోని జిగర్ అనగా కాలేయమని వివరించినప్పుడు నవ్వు మరింత పెద్దదగును. మాటలు ఇట్లు సులభముగా కలిసిపోయినవి. మనుష్యులు, అందునను పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల వయస్సువారు, అంత సులభముగా కలియరు. ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ సంగతినే.

ఈ వయస్సును గురించి లోతుగా చింతించిన వారిలో ఎరిక్ ఎరిక్‌సన్ ముఖ్యుడు. 1950లో వెలువడిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ అను గ్రంథములో ఆయన మానవ జీవితమును ఎనిమిది దశలుగా విభజించినాడు. అయిదవది కౌమారము. ‘నేనెవరిని?’ అను ప్రశ్నకు సమాధానము వెదకుకొనుటయే ఆ దశలోని ప్రధాన కార్యమని ఆయన సిద్ధాంతము. ఇది ఆయనకు పుస్తకములలో దొరికినది కాదు. 1902లో జర్మనీలో జన్మించిన ఆయన తల్లి డెన్మార్కు దేశపు యూదు స్త్రీ. పెంచినవాడు సవతి తండ్రి. నీలి కన్నులు, బంగారు వన్నె జుట్టు గల ఆ బాలుని యూదుల ప్రార్థనాలయములోని పిల్లలు పరాయివాడని వెక్కిరించినారు. బడిలోని జర్మను పిల్లలు యూదుడని వెక్కిరించినారు. అమెరికాకు వలసపోయి, అక్కడ పౌరుడైనప్పుడు ఆయన తన యింటిపేరును తానే క్రొత్తగా పెట్టుకొన్నాడు. ఆ వయస్సువారు మిత్రులతో గంటల తరబడి మాటలాడుట వట్టి కాలక్షేపము కాదనియు, ఎదుటివానియందు తన రూపమును ప్రతిఫలింపజేసి చూచుకొనుట యనియు ఆయన భావించినాడు. అట్టి అద్దము పగిలినచో కలుగు నష్టము పెద్దలకు కనబడదు.

మేము పెరిగినది రాయలసీమలోని ఒక చిన్న పట్టణము. ఒక బస్టాండు, రెండు సినిమా హాళ్ళు, రెండు ఉన్నత పాఠశాలలు. అట్టి ఊళ్ళలో ‘నీ పేరేమి?’ అని అడుగువారు తక్కువ, ‘ఎవరి కొడుకువు?’ అని అడుగువారే యెక్కువ. మొహర్రము నాడు పీర్లను మోయువారిలోను, గుండము చుట్టు అడుగులు వేయువారిలోను హిందువులు ఎందరో యుందురు. అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్ళాయిస్వామికి మ్రొక్కుకొని బిడ్డలకు కుళ్ళాయప్ప యని పేరు పెట్టుకొన్నవారును, ఉగాది నాడు దేవుని కడపకు పోయి వేంకటేశ్వరుని దర్శించు ముస్లిములును మనకు తెలియనివారు కారు. ఇవన్నియు చూపి చిన్న ఊళ్ళలో అంతయు చల్లగనే యున్నదని ఉపన్యసించుట తేలిక. మేమును అట్లు ఉపన్యసించినవారమే.

ఆరవ తరగతి నుండి ఒకే బల్లపై మా ప్రక్కన కూర్చున్న మిత్రుడు ఒకడుండినాడు. రజకుల యింటి బిడ్డ. వాని లెక్కలు మేము చూచి వ్రాసినాము; మా ఛందస్సు వాడు చూచి వ్రాసినాడు. వాళ్ళ అవ్వ చేసిన ఉగ్గాణి మేము, మా అమ్మీ చేసిన షీర్‌ఖుర్మా వాడు తిన్న దినములకు లెక్క లేదు.

2003 మార్చి 1, శనివారము. దక్షిణాఫ్రికాలోని సెంచూరియనులో ప్రపంచ కప్పు పోటీలో భారత, పాకిస్తాను జట్లు తలపడినవి. వాళ్ళ వీధిలో ఒకరి యింటి టీవీ ముందు పదిమందిమి చేరినాము. ఆట మొదలు కాకమునుపే వాడు నవ్వుచు, “ఏమిరా, ఈ పొద్దు నువ్వు ఎవరి తట్టు?” అన్నాడు. అందరు నవ్వినారు. మేమును నవ్వినాము. టెండూల్కర్ 98 పరుగుల వద్ద అవుటైనప్పుడు అందరికంటె పెద్దగా మేమే అరచినాము. ఆ బాధ నిజమైనదే. కాని దానిని నలుగురికి వినబడునట్లు చూపవలసి వచ్చుట మాకు ఆనాడే మొదలు. మన జట్టు ఆరు వికెట్ల తేడాతో గెలిచినది. సోమవారము మేము వేరొక బల్లపై కూర్చున్నాము. వాడు కారణ మడుగలేదు. మేము చెప్పలేదు. పదవ తరగతి ముగియువరకు మా మాటలు పెన్సిలు, నోటుపుస్తకముల వద్దనే ఆగిపోయినవి. ఈ సందేహపు చూపు ఎంత పాతదో, 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ కవిత ‘పుట్టుమచ్చ’ను ఎం.ఏ.లో చదివినప్పుడు గాని మాకు తెలియలేదు.

ఇంతవరకు చెప్పి ఆపినచో మేము సత్యమును సగమే చెప్పినవార మగుదుము. ఆ వేసవిలో ఒక పెండ్లిలో మా ఉర్దూ ఉచ్చారణ విని, వీడు తెలుగువాడైపోయినాడని మామూ ఒకరు ఎగతాళి చేసినారు. ఆ కోపము మేము తీర్చుకొన్నది ఎవరిపై? ఉర్దూ మాధ్యమములో చదువుచుండిన మా ఖాలా కొడుకు వీధిలో ‘మా చెల్లెలు వచ్చినాడు’ అన్నప్పుడు, వీధి పిల్లలతో కలిసి పగలబడి నవ్వినాము. అతడు ఈనాటికిని మా యెదుట తెలుగు మాటలాడడు. తామెవరో ఇంకను తేలని పిల్లలు జట్లు కట్టి, భాషలోనో దుస్తులలోనో చిన్న భేదమును పట్టుకొని ఇతరులను వెలివేయుదురని ఎరిక్‌సన్ చెప్పినాడు. అది వారి భయమునకు కవచమనియు, దానిని సమర్థింపకపోయినను అర్థము చేసికొనవలెననియు ఆయన అభిప్రాయము. ఆ పాఠము చదివినప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది టీవీ ముందు నవ్వినవారు కాదు, వీధిలో నవ్విన మేమే.

2019లో ఒక వివాహమున ఆ మిత్రుడు కనబడినాడు. అడుగవలెనని యెంతో కాలముగా అనుకొన్నది అడిగినాము. ఆ మాట అన్నట్లు వానికి గుర్తే లేదు. బల్ల మారినది మాత్రము బాగుగా గుర్తున్నది. “మా కులం గురించి మీ ఇంట్లో ఎవరైనా ఏమన్నా అన్నారేమో అనుకొంటిరా” అన్నాడు. పదహారేండ్లు వాడు ఆ అనుమానమును మోసినాడు, మేము మా అనుమానమును మోసినాము.

గుర్రం జాషువ బాల్యము ఇచ్చట స్మరింపదగినది. 1895లో వినుకొండలో పుట్టిన ఆయనను కులము చూచి ఒక వర్గమువారు, క్రైస్తవుడై యుండి పురాణ కథలు వ్రాయుట చూచి మరియొక వర్గమువారు దూరము పెట్టినారు. ఆ ఊరిలోనే బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యము ఆయనకు కవిత్వముపై ఆసక్తిని పెంచినది. పారశీక కవి ఫిరదౌసి దుఃఖమును తెలుగు పద్యములలో పాడిన కవి కూడ ఆయనయే. ఒక మిత్రుడు ఒక ఊరి తీర్పును మార్చలేడు. కాని ఆ తీర్పే తుది మాట కాదని పిల్లవానికి తెలుపగలడు.

ఇక మన కళాశాల మాట. ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలగును. పుస్తకమునకు అది సహజము. వసతి గృహములో ఉర్దూ మాధ్యమము వారికి ఒక వరుస గదులు, తెలుగు మాధ్యమము వారికి మరియొక వరుస ఇచ్చుట ఎందులకో మాకు బోధపడలేదు. ఫజర్ నమాజుకు లేచువారి అలికిడికి తక్కినవారి నిద్ర చెడునని ఒక అభ్యంతరము వినబడినది. పరీక్షల దినములలో రాత్రి రెండు గంటల వరకు బిగ్గరగా చదువువారు రెండు వరుసలలోను ఉన్నారు. వారిని ఎవరును వేరు చేయలేదు. పిల్లలే పోట్లాడుకొందురని మరియొక అభ్యంతరము. పోట్లాడుకొననిండు. ఒకే గదిలో ఉన్నవారు మరునాటికైనను ‘ఎందుకట్లు అంటివి?’ అని అడుగుకొనక తప్పదు. మా వలె బల్ల మార్చుకొని తప్పించుకొనుటకు వీలుండదు. జూన్ నెలలో గదుల జాబితా వ్రాయునప్పుడు, మొదటి సంవత్సరము వారికైనను మాధ్యమము చూడక, చేరిన తేదీని బట్టి గదులు ఇయ్యవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము. జాబితా వ్రాయు పని మాకు అప్పగించినను సమ్మతమే.