ముందు మెత్తని ప్యాడ్‌తోనే

ప్రశ్న: నా నల్ల కారు మీద ఎండలో సాలెగూడులాంటి సన్నగీతలు కనిపిస్తున్నాయి. డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొన్నాను. ఏ పాలిష్, ఏ ప్యాడ్ వాడాలి?

జవాబు: గీతలు ఎక్కువున్నాయి కదా అని ఊలు ప్యాడ్‌కు గరుకు కాంపౌండ్ పట్టించి మొదలుపెట్టకండి. మీరు అరగదీసేది రంగును కాదు, దాని మీదున్న క్లియర్ కోట్‌ను. చాలా కార్లలో అది 40, 50 మైక్రాన్ల మందమే. పోయిన పొర మళ్లీ రాదు. కారు కడిగి, నీడలో, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, ఫినిషింగ్ పాలిష్‌తో బానెట్ మీద రెండడుగుల మేర రుద్ది చూడండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి టార్చి వెయ్యండి. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి, లేని నునుపును చూపిస్తుంది మరి! గీతలు మిగిలితే పాలిష్ మార్చకుండా కాస్త గట్టి ప్యాడ్‌కు వెళ్లండి. అదే పాలిష్ గట్టి ప్యాడ్ మీద ఎక్కువ కోస్తుంది. కాంపౌండ్ ఆ తర్వాతి మాట. ప్యాడ్ రంగును నమ్ముకోవద్దు, కంపెనీకో లెక్క.

ఇదంతా కాలహరణం, షాపుల్లో నేరుగా కాంపౌండే కొడతారు కదా అనవచ్చు. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. పైగా నల్లరంగు మీద కాంపౌండ్ తరచు మసక మిగులుస్తుంది, దాన్ని తీయడానికి మళ్లీ మెత్తని ప్యాడే కావాలి. క్లియర్ కోట్ గట్టిదైన కార్లకు మెత్తని ప్యాడ్ చాలదన్నది నిజమే, అదీ పరీక్షలోనే తేలుతుంది. గోరు తట్టుకునే లోతు గీతల జోలికి మాత్రం పోకండి.