దసరా నుంచి సంక్రాంతి దాకా గులాబీ

మన దగ్గర చలికాలం గులాబీకి నిద్రపోయే కాలం కాదు, పూసే కాలం. హైదరాబాదు ఎండల్లో అరచేతిలో సగం కూడా లేని పువ్వు, డిసెంబరులో అరచేయంత విచ్చుకుని, రంగు చిక్కబడి, కొమ్మ మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది. మేడ మీద కుండీల్లోనూ పెరటి నేలలోనూ ఏళ్ల తరబడి పెంచి తెలుసుకున్నవి చెబుతున్నాను.

1. వానలు వెనకబట్టగానే, అక్టోబరు రెండో పక్షంలో కత్తెర పట్టండి. అందరూ జంకేది ఇక్కడే. పచ్చగా ఉన్న కొమ్మను కోయడానికి చేతులు రావు. కానీ కోయని మొక్క పొడుగ్గా సాగి, చివర్న చిన్న పూలు పూసి ఊరుకుంటుంది. హైబ్రిడ్ టీ రకాలైతే నాలుగైదు గట్టి కొమ్మలు ఉంచి, అడుగు, అడుగున్నర ఎత్తులో కోయండి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, పెన్సిలు కంటే సన్నవి మొదలంటా తీసేయండి. కోత బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా పడాలి. కోసినచోట లోపల తెల్లగా ఉండాలి. గోధుమరంగు కనిపిస్తే కొన ఎండు దిగుతున్నట్టే. తెల్లటి భాగం వచ్చేదాకా ఇంకా కిందికి కోసి, చివరలకు బోర్డో ముద్ద పూయండి. నాటు గులాబీని మాత్రం ఇంతగా నరకవద్దు, పైపైన సవరిస్తే చాలు.

కోసిన నెలన్నర, ఏడు వారాలకు పూలు. చలి ముదిరితే ఇంకొన్ని రోజులు పడతాయి. సంక్రాంతి ముగ్గుల్లోకి మీ పూలే కావాలంటే నవంబరు 20 దాటనీయకండి.

2. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. వేసవిలో ఎండ పడిన చోటే ఇప్పుడు పిట్టగోడ నీడ పడుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ అందేలా కుండీలను జరపండి. మొగ్గ రావడం లేదని ఎరువు మీద ఎరువు వేసేవాళ్లు ముందు నీడ ఎక్కడ పడుతోందో చూసుకోవాలి.

3. నీళ్లు ఉదయమే, మొక్క మొదట్లోనే పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే రాత్రంతా ఆరదు. ఏడు గంటలపాటు ఆకు తడిగా ఉంటే చాలు, నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. పైమట్టి ఆరిందాకా మళ్లీ పోయకండి.

4. బూడిద తెగులు తీరు వేరు. దానికి ఆకు తడి అవసరం లేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమగా ఉంటే లేత ఆకుల మీద, మొగ్గల మీద తెల్లటి పొడిలా కమ్ముతుంది. మొదట కనిపించిన ఆకులను గిల్లి చెత్తలో వేయండి, మొక్క కింద పడేయకండి. ఆగకపోతే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి ఎండ లేని వేళ కొట్టండి. గంధకానికీ వేపనూనెకూ మధ్య రెండు వారాల ఎడం తప్పనిసరి, లేకుంటే ఆకులు మాడతాయి.

5. కత్తిరించిన వారానికి పైమట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చి పేడ వద్దు.

6. అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచే పిలక మీ గులాబీ కాదు, వేరుమొక్కది. ఏడు రెక్కల ఆకును బట్టి గుర్తించమంటారు. అది నమ్మకమైన గుర్తు కాదు, మంచి రకాలకూ అలాంటి ఆకులు వస్తాయి. మట్టి తీసి, ఎక్కడ పుట్టిందో చూసి, అక్కడి నుంచే పీకేయండి.

7. షికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు ఈ లెక్క పాటించకూడదు. అక్కడ మంచుకు కొమ్మలు చచ్చిపోతాయి. ఆగస్టు తర్వాత ఎరువు ఆపి, నేల గడ్డకట్టే ముందు మొదలు చుట్టూ అడుగు ఎత్తున మట్టి ఎగదోయాలి. గట్టి కత్తిరింపు వసంతంలోనే. అలాగే వాళ్ల వీడియోలు చూసి ఇక్కడ మొక్కలకు గోనెసంచులు కప్పకండి.

8. గుల్కందుకు రేకులు కావాలనుకుంటే ఒక నాటు గులాబీని విడిగా ఉంచి, దాని మీద ఏ మందూ కొట్టకండి. మందు పడిన మొక్క పువ్వును పిల్లల నోటిదాకా పోనివ్వకండి.