కుజుడి మీద ఒక డెల్టా

కోనసీమ నేల గోదావరి పోసిన నేల. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. వడిగా పారే నది సముద్రాన్ని చేరేసరికి నెమ్మదిస్తుంది. మోసుకొచ్చిన ఒండ్రును ఇక మోయలేక అక్కడే దింపేస్తుంది. వేల ఏళ్లుగా అలా పేరుకున్న నేలే డెల్టా. అంటే, డెల్టా ఉన్నచోట ఒకప్పుడు పారే నది, దాన్ని నిలువరించే నీరు రెండూ ఉండి తీరాలి.

పిల్లలూ! ఇటువంటి డెల్టా కుజ గ్రహం మీద కూడా ఉంది. జెజెరో అనే 45 కిలోమీటర్ల వెడల్పైన గుంటలో అది విసనకర్రలా పరుచుకొని ఉంది. 2021 ఫిబ్రవరిలో పెర్సెవరెన్స్ రోవర్ ఆ గుంటలో దిగి, డెల్టాలోని ఒండ్రు పొరలను పరిశీలించింది. వాటి వయసు సుమారు 350 కోట్ల ఏళ్లని అంచనా.

నేటి కుజుడి మీద నది పారలేదు. అక్కడి గాలి పీడనం మన గాలి పీడనంలో నూరో వంతు కూడా లేదు. సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 60 డిగ్రీలు. చెంబెడు నీళ్లు పోస్తే కొంత ఆవిరైపోతుంది, మిగిలింది గడ్డకడుతుంది. కనుక ఆనాడు కుజుడికి దట్టమైన వాతావరణం ఉండేది. అది ఏమైంది?

కుజుడి ద్రవ్యరాశి భూమిలో పదో వంతే. గుండిగలో అన్నం కన్నా గిన్నెలో అన్నం ముందు చల్లారినట్లు, కుజుడి లోపలి భాగం త్వరగా చల్లబడింది. సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట దాని అయస్కాంత క్షేత్రం అంతరించింది. సూర్యుడి నుంచి దూసుకువచ్చే కణాలు, అతినీలలోహిత కిరణాలు గాలిని కొద్దికొద్దిగా రోదసిలోకి తరిమేశాయి. కొంత బొగ్గుపులుసు వాయువు రాళ్లలో కలిసిపోయింది.

దీనికి సాక్షి ఆర్గాన్ వాయువు. అది రాళ్లతో కలవదు; పోతే పైకే పోవాలి. కుజుడి ఆర్గాన్‌లో సుమారు 65 శాతం అలా పోయిందని మావెన్ నౌక కొలతలను బట్టి 2017లో తేలింది. మావెన్ కుజుణ్ణి చేరిన 2014 సెప్టెంబరులోనే, శ్రీహరికోట నుంచి వెళ్లిన మన మంగళయాన్ కూడా అక్కడికి చేరి, పై వాతావరణాన్ని పరిశీలించింది.

ఒక చిక్కు ఇంకా విడలేదు. ఆనాటి సూర్యుడి వెలుగు నేటికన్నా సుమారు పావువంతు తక్కువ. బొగ్గుపులుసు వాయువు ఒక్కటే అంత వెచ్చదనం ఇవ్వలేదు. హైడ్రోజన్ తోడైందా? వెచ్చని కాలాలు అప్పుడప్పుడు మాత్రమే వచ్చిపోయాయా? ఆ జవాబు ఒండ్రు పొరలలోనే దొరకవచ్చు.

వరద పూర్తిగా తీశాక, పెద్దలను వెంటబెట్టుకొని లంక గట్టున మట్టి పొరలు చూడండి. ఇసుక ఎక్కడ ఉంది, మెత్తటి మట్టి ఎక్కడ ఉంది? నీటి వడి ఎప్పుడు హెచ్చిందో, ఎప్పుడు తగ్గిందో ఆ పొరలే చెబుతాయి. కుజుడి కథనూ శాస్త్రజ్ఞులు ఇలాగే చదువుతున్నారు.