అది రేసు గుర్రు కాదు, మిస్సింగ్!

పోయిన సెమిస్టర్‌లో మా ఫార్ములా స్టూడెంట్ కారు మొదటిసారి స్టార్టయిన రాత్రి తీసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. స్టాండు మీద బండి ఊగిపోతూ "డుగ్... డుగ్‌డుగ్... డుగ్" అంటుంటే, వెనక నుంచి ఒక గొంతు "అదీ రేసు కారంటే!" అని అరుస్తుంది. ఆ గొంతు నాదే. వారం తిరక్కుండానే ఆ అరుపు ఎంత తప్పో బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో తెలిసొచ్చింది. మీరు రేపు పాత స్విఫ్ట్ కొని మార్పులు చేయించినా, మా తర్వాత టీమ్‌లోకి వచ్చినా అదే తప్పు చేయకూడదని ఈ వ్యాసం.

ఐడలింగ్ ఎందుకంత సున్నితం?

యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాక ఇంజన్ తనను తాను తిప్పుకోవడానికి సరిపడా మాత్రమే సంపాదిస్తుంది. మామూలు పెట్రోల్ కారులో అది 800 ఆర్‌పీఎం అటూ ఇటూ. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు తిరుగుళ్లకు ఒక్కసారే పేలుతుంది. అంటే నాలుగు సిలిండర్ల కారులో 800 దగ్గర సెకనుకు దాదాపు 27 పేలుళ్లు, 6,000 దగ్గర 200. పైన ఒక పేలుడు తప్పితే 5 మిల్లీసెకన్లలో ఇంకోటి వచ్చి సర్దేస్తుంది. మాది 373 సీసీ సింగిల్ సిలిండర్. 1,800 దగ్గర సెకనుకు 15 పేలుళ్లే. ఒక్కటి తప్పితే ఇంజన్ తడబడటం ఒంటికి తెలుస్తుంది.

దీనికితోడు ఐడలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఇన్‌టేక్ లోపల పీడనం బయటి గాలిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ పడిపోతుంది. లోపలికొచ్చే కొత్త గాలి తక్కువ, పోయిన సైకిల్‌లో మిగిలిన పొగ ఎక్కువ. తడి కట్టెలతో పొయ్యి రాజేసినట్టు మంట నెమ్మదిగా అంటుకుంటుంది. ఇంత పల్చటి పరిస్థితిలో చిన్న తేడా కూడా పెద్దదే. కంపెనీ ఇంజనీర్లు ఎన్నో రాజీలు చేసుకుని ఆ మెత్తదనం తెస్తారు. మనం పవర్ కోసం పెట్టే ఒక్కో మార్పు ఆ రాజీల్లో ఒకదాన్ని తీసేస్తుంది.

ఏ మార్పు ఏం చేస్తుంది?

ముందు క్యామ్‌షాఫ్ట్. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. రేసు క్యామ్‌లో ఇది ఎక్కువ. పై ఆర్‌పీఎంలో బయటికి దూసుకుపోయే పొగ కొత్త గాలిని లోపలికి లాగుతుంది కాబట్టి లాభం. ఐడలింగ్‌లో మాత్రం ఇన్‌టేక్‌లో వాక్యూమ్ ఉండటంతో పొగ వెనక్కి తంతుంది. ఒక సైకిల్ సరిగా మండదు. దాని మిగులు తర్వాతి సైకిల్‌కి చేరి, అది గట్టిగా కొడుతుంది. పాత అమెరికన్ వీ8 కార్లలో వినిపించే ఊగుడు తాళం ఇదే. వాక్యూమ్ తగ్గితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలా పెట్రోల్ కార్లలో బ్రేక్ బూస్టర్ నడిచేది ఆ వాక్యూమ్‌తోనే. అది చాలకపోతే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఈ చిక్కు తప్పించడానికే హోండా 1989లో ఇంటెగ్రాలో వీటెక్ తెచ్చింది. కింది ఆర్‌పీఎంకి ఒక క్యామ్ ఆకారం, పైదానికి ఇంకోటి.

తర్వాత తేలిక ఫ్లైవీల్. తిరిగే చక్రంలో దాచిన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని ఫస్టియర్‌లో చదివాం కదా. 6,000తో పోలిస్తే 800 దగ్గర వేగం 7.5 రెట్లు తక్కువ, శక్తి 56 రెట్లు తక్కువ. ఉన్న ఆ కాస్త నిల్వలో కూడా కోత పెడితే, ఒక బలహీనమైన పేలుడుకే ఇంజన్ ఆగిపోయేలా అవుతుంది.

పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద థ్రాటిల్ బాడీ విషయానికొస్తే, ఐడలింగ్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేది రెండు మూడు మిల్లీసెకన్లే. అందులో తెరుచుకోవడానికే దాదాపు ఒకటి పోతుంది. రెట్టింపు సైజు పెడితే పనిచేసే సమయం సగమవుతుంది, చిన్న పొరపాటు రెట్టింపవుతుంది. కుండతో ఉగ్గుగిన్నె నింపడం లాంటి పని. థ్రాటిల్ పెద్దదైనా అంతే, ఒక్క డిగ్రీ కదిలితే గాలి ఎక్కువ దూరుతుంది.

గట్టి ఇంజన్ మౌంట్లు పెడితే మంటలో ఏ తేడా రాదు. రబ్బరు మింగేసే వణుకు నేరుగా స్టీరింగ్‌కి, సీటుకి వస్తుంది, అంతే. ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌తో మారేది ఎక్కువగా చప్పుడే. కానీ ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు జాయింట్ లీకైతే, బయటి గాలి దూరి "పెట్రోల్ తక్కువైంది" అని ఈసీయూని నమ్మిస్తుంది. అది అనవసరంగా పెట్రోల్ పోస్తుంది.

బాలానగర్‌లో ఏం జరిగింది?

బాలానగర్ అంటే మనలో చాలామందికి ఫ్లైఓవర్, మెట్రో స్టేషన్. మెకానికల్ వాళ్లకి మాత్రం అది లేత్‌ల ఊరు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉన్నది అక్కడే. ఇస్రో వికాస్ ఇంజన్‌కి భాగాలు చేసే ఎంటార్ కూడా అక్కడిదే. వాటి చుట్టూ సందుల్లో ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషీన్ పెట్టుకుని జాబ్ వర్క్ చేసే షెడ్లు బోలెడు. సైలెన్సర్ బ్రాకెట్ వెల్డింగ్ కోసం కారుని టాటా ఏస్‌లో వేసుకుని అలాంటి ఒక షెడ్డుకి పోయాం. పనయ్యాక ఊరికే స్టార్ట్ చేసి చూపించాం, మెచ్చుకుంటాడని.

ఉస్తాద్ ఓ నిమిషం విన్నాడు. "ఏంది తమ్మీ, మిస్సింగ్ కొడ్తుంది?"

"రేసు ఇంజన్ గదా ఉస్తాద్, ఐడలింగ్ ఇట్లనే ఉంటది."

"క్యామ్ మార్చిన్రా?"

"లేదు."

"ఫ్లైవీల్?"

"అది కంపెనీదే."

"మరి దేనికి ఊగాలె?"

నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. క్యామ్ స్టాక్‌ది, ఇంజెక్టర్ స్టాక్‌ది. మేం మార్చింది ఇన్‌టేక్, సైలెన్సర్, ఈసీయూ. ఇంత ఊగుడుకి మా దగ్గర అసలు కారణమే లేదు. లేని కారణానికి "రేసు ఫీల్" అని పేరు పెట్టుకున్నాం.

ఉస్తాద్ ఒక రబ్బరు పైపు ముక్క చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఇన్‌టేక్ జాయింట్ల వెంట తిప్పాడు. ప్లీనమ్ ఫ్లాంజ్ దగ్గర ఆగి పైపు నా చెవికిచ్చాడు. సన్నగా "స్‌స్‌స్". సబ్బు నీళ్లు అక్కడ చిలకరిస్తే నీళ్లు లోపలికి పోయాయి, ఇంజన్ పాట మారింది. విప్పి స్టీల్ స్కేల్ ఆనించి చూస్తే, వెల్డింగ్ వేడికి అల్యూమినియం ఫ్లాంజ్ వంగింది. 0.15 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకు దాదాపు 20 మి.మీ. పొడవునా దూరింది.

హాస్టల్‌కొచ్చి లెక్క కట్టాం. ఆ సందు వైశాల్యం 3 చదరపు మి.మీ. 1,800 ఆర్‌పీఎం ఐడలింగ్‌లో మా ఇంజన్ పీల్చేది సెకనుకు సుమారు 2 లీటర్ల గాలి. అందులో దాదాపు ఐదో వంతు ఈ సందులోంచే వస్తోంది. ఈసీయూకి ఆ గాలి సంగతి తెలీదు. ఫుల్ థ్రాటిల్‌లో 7,500 దగ్గర పీల్చేది సుమారు 23 లీటర్లు. అక్కడ ఈ లీకు నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. అందుకే పైన ఇంజన్ బ్రహ్మాండంగా లాగేది, మాకు అనుమానమే రాలేదు.

అసలు భయం తర్వాత పట్టుకుంది. పోటీ నియమాల ప్రకారం పెట్రోల్ ఇంజన్‌కి గాలంతా ఒకే ఒక్క 20 మి.మీ. రెస్ట్రిక్టర్ గుండా పోవాలి. మా లీకు దాని తర్వాత. అంటే తెలియకుండానే నియమం తప్పుతున్నాం. 22 కి.మీ. ఎండ్యూరెన్స్ మధ్యలో డ్రైవర్ మారేటప్పుడు ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. వేడి మీద ఐడలింగ్ నిలవని బండి అక్కడే ఆగిపోయేది. ఏడాది కష్టం ఒక వంకర ఫ్లాంజ్‌కి బలయ్యేది.

మీ బండికి ఎలా తేల్చుకోవాలి?

1. తాళం వినండి. క్యామ్ ఊగుడు ఒకే వరసలో తిరిగొస్తుంది. మిస్సింగ్‌కి చాలాసార్లు వరస ఉండదు.

2. "రేస్ ఇస్తే సర్దుకుంటుంది కాబట్టి క్యామే" అనుకోకండి. గాలి లీకు కూడా అలాగే సర్దుకుంటుంది.

3. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడలింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి 2,500 దగ్గర సున్నాకి దగ్గరపడితే గాలి లీకుని అనుమానించండి. ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూ పోతే పంపు, ఫిల్టర్ చూడండి.

4. నాలుగు సిలిండర్ల బండైతే ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడండి. ఏది తీసినా తేడా రాలేదో ఆ సిలిండరే దొంగ.

5. ఇవన్నీ అయ్యాకే ఐడలింగ్ 1,000 లేదా 1,100కి పెంచడం, ట్యూనింగ్ మార్చడం. తప్పు దాచడానికి ఆర్‌పీఎం పెంచకండి.

ఇంకో మాట. మాది ట్రాక్ మీద తిరిగే బండి. రోడ్డు బండిలో ఆర్‌సీకి, కంపెనీ వివరాలకు పొంతన లేని మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఉస్తాద్ ఫ్లాంజ్‌ని మిల్లింగ్ మీద ఫేసింగ్ చేసి కొత్త గాస్కెట్ వేశాడు. ఇప్పుడు బండి 1,800 దగ్గర నిలకడగా ఉంటుంది. సింగిల్ సిలిండర్ కాబట్టి వణుకు పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఆ మిగిలిన వణుకు ఎందుకో మాత్రం ఇప్పుడు మాకు తెలుసు. పాత వీడియో తీసేయమని ఫ్రెండ్స్ అన్నారు. తీయలేదు. కొత్తగా టీమ్‌లో చేరే జూనియర్లకి మొదటి రోజు అదే వినిపించి, ఉస్తాద్ అడిగిందే అడుగుతున్నాం: "మరి దేనికి ఊగాలె?"